నోట్లో పుండ్లు, వీపున పొక్కులు: చర్మకణాల పట్టు సడలితే

ప్రశ్న: హాలహర్వి నుంచి ఒక పాఠకుడు తన తల్లి కోసం రాశారు. ఆమెకు 47 ఏళ్లు, పత్తి చేలలో కూలి పని. మూడు నెలలుగా నోట్లో పుండ్లు మానడం లేదు. ఇప్పుడు వీపు మీద, రొమ్ము మీద నీటి పొక్కులు లేస్తున్నాయి, రవిక రాపిడికే చితికి పచ్చి పుండ్లవుతున్నాయి. అక్కి లేచిందని ఊళ్లో జాజు పూశారు. ఇంట్లో పసిపిల్లలున్నారు, వాళ్లకు అంటుకుంటుందా అన్నది ఆయన భయం.

జవాబు: ముందు పిల్లల సంగతి. ఈ లక్షణాలు పెంఫిగస్ వల్గారిస్ అనే జబ్బును తలపిస్తున్నాయి. అదే అయితే అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, పొక్కుల నీరు తగిలినా రాదు. ఇది అక్కిలా లేదు. అక్కి సాధారణంగా ఒంటికి ఒక పక్కనే పట్టీలా లేచి, కొన్ని వారాల్లో మానుతుంది.

చర్మం పైపొరలో కణాలు అడుగున పుట్టి, పైకి జరుగుతూ ముదిరి, సుమారు నాలుగు వారాలకు పొట్టుగా రాలిపోతాయి. దారిలో అవి విడిపోకుండా చొక్కా గుండీల్లా పట్టి ఉంచేవి డెస్మోగ్లీన్ ప్రోటీన్లు. అడుగు పొరల్లో మూడో రకం ఎక్కువ, పైకి పోయేకొద్దీ ఒకటో రకం ఎక్కువ. ఈ ఒకటో రకానికి ఇంకో పని కూడా ఉంది. కణం విభజన చాలించి ముదరడానికి అది తోడ్పడుతుంది. పుట్టుకతో అది లోపించిన పిల్లల్లో చర్మం ఎర్రబారి మందమవుతుందని, తీవ్రమైన అలర్జీలు వస్తాయని, ఒళ్లు చిక్కిపోతుందని 2013లో పరిశోధకులు వెల్లడించారు.

పెంఫిగస్‌లో పుట్టుకతో లోపమేమీ ఉండదు. శరీర రక్షణ వ్యవస్థే ఈ ప్రోటీన్లను శత్రువులనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. రోగుల రక్తంలో ఆ యాంటీబాడీలను 1964లో అమెరికాలో బ్యూట్నర్, జోర్డన్ గుర్తించారు. నోటి లోపలి పొరకు ప్రధాన ఆధారం మూడో రకమే, కాబట్టి దెబ్బ మొదట నోటికి తగులుతుంది. చర్మాన్ని కొంతకాలం ఒకటో రకం ఆదుకుంటుంది. దాని మీదా యాంటీబాడీలు పుడితే ఒంటి మీద పొక్కులు మొదలవుతాయి. ఈ తల్లికి జరిగిన వరస కూడా అదే.

జాజు, ఆకు పసర్లు వెంటనే ఆపాలి. పచ్చి పుండులో మట్టి చేరితే చీము పడుతుంది.

ఆమెను ఆదోనిలో చర్మవైద్యులకు గానీ, కర్నూలు పెద్దాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో గానీ చూపించాలి. తాజా పొక్కు అంచు నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. పక్కనున్న మామూలు చర్మానికి ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్ష చేస్తే, ఈ జబ్బు ఉన్నవారిలో కణాల మధ్య యాంటీబాడీలు వలలా మెరుస్తాయి. జబ్బు తేలేది అక్కడే.

స్టెరాయిడ్లు రాకముందు ఈ జబ్బు ఎక్కువమందిని బలిగొనేది. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పస్రిచా పల్స్ చికిత్సను తెచ్చారు. నెలకోసారి మూడు రోజుల పాటు నరం ద్వారా స్టెరాయిడ్ మందు ఎక్కించే పద్ధతి అది. ఇప్పుడు రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ కూడా ఉంది. పొక్కులు తగ్గాయని స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా ఆపడం ప్రమాదం. అవి వాడినన్నాళ్లూ షుగర్, బీపీ చూపించుకుంటూ ఉండాలి.

నోరు మానేదాకా గట్టి జొన్న రొట్టె, మిరపకాయ చట్నీ మానేసి, చల్లారిన మెత్తటి సంగటి, మజ్జిగన్నం పెట్టాలి. జ్వరం వచ్చినా, పుండ్ల నుంచి చీము కారినా, నీళ్లు కూడా మింగలేకపోయినా అదే రోజు ఆసుపత్రిలో చేర్చాలి.