జాగిలం – గృహధర్మం

ఉద్దేశం: ఇంట పెంచుకొనే శునకాన్ని ఎన్నుకోవడంలో పాటించవలసిన వివేకాన్ని, దాని పోషణలోని బాధ్యతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

మానవుడు మచ్చిక చేసుకొన్న జంతువులలో మొట్టమొదటిది కుక్క. ఆవు, గొర్రె, గుర్రం అతని ముంగిటికి రాకముందే, అతడు ఇంకా వేటాడి పొట్టపోసుకొంటున్న దశలోనే, తోడేలు సంతతి అతని నెగడు దగ్గరకు చేరింది. నాటి నుండి నేటి వరకు ఆ సాహచర్యం తెగలేదు. విశ్వాసమనే మాట వినగానే మనకు కుక్క గుర్తుకు వస్తుంది. అయితే, ఆ విశ్వాసానికి బదులుగా మనిషి దానికి ఇస్తున్నదేమిటి? ఈ ప్రశ్నను మాత్రం మనం అరుదుగా వేసుకొంటాము.

మన సాహిత్యం ఈ ప్రశ్నను ఏనాడో వేసింది. నన్నయభట్టు 11వ శతాబ్దంలో గోదావరీతీరాన, రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుని కోరికపై మహాభారతాన్ని తెనిగించడానికి పూనుకొన్నాడు. ఆ ఆదిపర్వపు తొలి భాగంలోనే సరమ అనే దేవశుని కథ ఉన్నది. జనమేజయుడు యాగం చేస్తుండగా సరమ కుమారుడైన సారమేయుడు ఆడుకొంటూ అక్కడికి వచ్చాడు. ఏ తప్పూ చేయని ఆ కూనను రాజసోదరులు కొట్టారు. అప్పుడు సరమ రాజు ఎదుట నిలిచి, మంచిచెడులు ఆలోచింపక బలహీనులను బాధించేవారికి ఎదురుచూడని భయాలు కలుగుతాయని హెచ్చరించింది. ఇక భారతం తుదిభాగానికి వస్తే, తనను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి సైతం రానని ధర్మరాజు పలికిన ఘట్టం మనందరికీ తెలిసినదే. ఒక కథ ఆలోచన లేమిని, మరొక కథ ఆశ్రితరక్షణను చూపుతున్నాయి. కుక్కను పెంచదలచినవాడు ఈ రెంటినీ మనసులో ఉంచుకోవాలి.

కుక్కను ఎన్నుకోవడంలో చాలామంది దాని రూపాన్ని చూస్తారు. నిజానికి చూడవలసినది రూపం కాదు. ఆ జాతి ఏ పని కోసం రూపొందిందన్నది. ఇందుకు పాయింటర్ అనే జాగిలాన్ని ఉదాహరణగా తీసుకొందాము. ఇది ఇంగ్లండులో 17, 18 శతాబ్దాలలో పక్షుల వేటకై తీర్చిదిద్దబడిన జాతి. పొదచాటున దాగిన కౌజునో పూరేడునో వాసనచేత పసిగట్టగానే ఇది మొరగదు, మీదికి దూకదు. ముందుకాలు ఒకటి ముడిచి పైకెత్తి, తోక చాచి, ముక్కును పక్షి ఉన్న దిక్కుకు గురిపెట్టి శిలాప్రతిమవలె నిలుస్తుంది. వేటగాడు వచ్చేవరకు ఆ నిలకడ చెదరదు. గురి చూపేది అనే అర్థంలోనే దానికి ఆ పేరు వచ్చింది. నెలల వయసు కూనలు సైతం, ఎవరూ నేర్పకపోయినా, ఇలా నిలబడటం కద్దు.

ఆంగ్లేయుల పాలనాకాలంలో ఈ జాతి కుక్కలు వేటసరదా గల అధికారుల వెంట మన దేశానికి వచ్చాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత వినోదం కోసం వేటాడే రోజులు ముగిశాయి. పాయింటర్ చేయవలసిన పని పోయింది. దాని స్వభావం మాత్రం పోలేదు. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

పాయింటర్ సౌమ్యమైనది. పిల్లలతో చనువుగా మెలగుతుంది. పొట్టి వెంట్రుకలు కావడంచేత దాని ఒంటిని శుభ్రపరచడం తేలిక. ఎదిగిన మగకుక్క భుజాల వద్ద 25 నుండి 28 అంగుళాల ఎత్తు, సుమారు 25 నుండి 34 కిలోల బరువు ఉంటుంది. ఆరోగ్యంగా పెరిగితే పన్నెండేళ్లకు పైగా జీవిస్తుంది. ఇవి దాని సుగుణాలు. కాని గంటల తరబడి పొలాల వెంట పరుగెత్తడానికి పుట్టిన దేహమది. దానిని పగలంతా గొలుసుతో స్తంభానికి కట్టివేస్తే ఆ శక్తి అంతా అల్లరిగా మారుతుంది. నేల తవ్వడం, చెప్పులు కొరకడం, ఎడతెగక మొరగడం, గోడ దూకి పారిపోవడం మొదలవుతాయి. అది చెడ్డకుక్క అని యజమాని నిందిస్తాడు. నిజానికి అక్కడ చెడ్డది కుక్క కాదు, ఎంపిక.

ఇప్పుడు మన ఆలమూరు వంటి ఊరిని ఊహించండి. ఒకవంక గౌతమీ గోదావరి, మరొకవంక కాలువగట్లు, కొబ్బరితోటలు, వరిచేలు ఉన్నాయి. తెల్లవారుజామున పరుగెత్తడానికి ఇంతకన్న అనువైన చోటు ఉండదు. కాని పెరటినిండా కోళ్లు, కోతలయిన చేలలో మేసే బాతుల మందలు కూడ ఇక్కడే ఉన్నాయి. పక్షి వాసనకే పుట్టిన జాగిలం, శిక్షణ లేనిదైతే, ఇరుగుపొరుగుల కోళ్లను తరమకుండా ఉండదు. సమీపాన జొన్నాడ మీదుగా జాతీయ రహదారి సాగుతున్నది. విడిచిన కుక్కకు అది మృత్యుమార్గం. పైగా ఇక్కడి వేసవిలో ఎండకు ఉక్క తోడవుతుంది. కుక్కకు మనిషికివలె ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడమే దాని ప్రధానమైన చల్లదనం. గాలిలో తేమ పెరిగినకొద్దీ ఆ ఉపాయం పనిచేయదు. కనుక ప్రహరీ ఉన్న విశాలమైన పెరడు, ఉదయమూ సాయంత్రమూ కలిపి కనీసం గంటకు పైగా దానితో గడపగల ఓపిక గల మనిషి ఉన్న ఇంటికే పాయింటర్ తగినది. ఆ రెండూ లేనివారు మరొక కుక్కను ఎన్నుకోవడమే మేలు.

ఆ మరొక కుక్క కోసం విదేశాలకేసి చూడనక్కరలేదు. మన కోస్తా ప్రాంతంలోనే, ముఖ్యంగా కొల్లేటి పరిసరాలలో, జోనంగి అనే జాతి ఉన్నది. నుదుటిమీద ముడతలు, నునుపైన పొట్టి వెంట్రుకలు, సన్నని బలమైన దేహం దాని లక్షణాలు. సాధారణ కుక్కలవలె మొరగక రాగం తీసినట్లు కూయడం దాని ప్రత్యేకత. బాతుల కాపరులు తమ మందలను అదుపులో ఉంచడానికి దీనిని పెంచేవారు. పక్షిని వెదకే పాయింటర్ ఒక దేశపు అవసరం నుండి పుట్టగా, పక్షిని కాచే జోనంగి మన నేల అవసరం నుండి పుట్టింది. నేడు స్వచ్ఛమైన జోనంగులు అరుదైపోతున్నాయి. అదీ దొరకనినాడు వీధిలో పుట్టిన నాటుకూనను చేరదీయవచ్చును. మన ఎండకు, వానకు, తిండికి అలవాటుపడిన ఆ కుక్క విశ్వాసంలో ఏ జాతికీ తీసిపోదు.

ఏ జాతి అయినా కూనను తెచ్చేటప్పుడు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. ఎనిమిది వారాలు నిండకముందు తల్లి నుండి వేరుచేయరాదు. వీలైనంతవరకు తల్లిని చూడాలి. తల్లి స్వభావం చాలావరకు పిల్లలకు వస్తుంది. కళ్లు నిర్మలంగా, చెవులు దుర్వాసన లేకుండా, నడక తడబాటు లేకుండా ఉండాలి. మూల నక్కి వణికే కూననుగాని, తోటివాటిని అదేపనిగా కరచే కూననుగాని ఎన్నుకోవడం తొలిసారి పెంచేవారికి తగదు. తల్లిని చూపనివారి వద్ద, కాగితాలు మాత్రమే చూపేవారి వద్ద కొనకపోవడం క్షేమం.

అన్నిటికన్న ముఖ్యంగా, ఇంటిల్లిపాది అంగీకారం ఉండాలి. ఇంటర్మీడియట్ చదివే విద్యార్థి ముచ్చటపడి కూనను తెస్తాడు. రెండేళ్లు తిరిగేసరికి కాకినాడకో, విశాఖపట్నానికో, హైదరాబాదుకో పై చదువులకు వెళతాడు. అతనికి పదహారేళ్ల వయసులో వచ్చిన కుక్కకు ముసలితనం వచ్చేనాటికి అతడు ముప్పైకి చేరువవుతాడు. ఆ నడుమకాలంలో దానికి అన్నం పెట్టేదెవరు? తెల్లవారి నడిపించేదెవరు? సాధారణంగా ఆ భారం అమ్మమీదనో, నాయనమ్మమీదనో పడుతుంది. కాబట్టి కూనను తేవడానికి ముందు వారిని అడగడం మర్యాద మాత్రమే కాదు, న్యాయం కూడ.

ఇక పోషణ సంగతి. మన ఇళ్లలో కుక్కకు పెరుగన్నం పెట్టడం వాడుక. అది కడుపు నింపుతుంది గాని, ఎదిగే కూనకు చాలదు. ఉడికించిన గుడ్డు, ముళ్లు తీసిన చేప, ఎముకలు తీసిన కోడిమాంసం వంటి మాంసకృత్తులు అవసరం. ఉడికిన ఎముకలు పెళుసుగా చీలి పేగులకు గుచ్చుకొంటాయి, వాటిని పెట్టరాదు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషతుల్యాలు. కూనకు రోజుకు మూడు నాలుగు సార్లు, ఎదిగినదానికి రెండుసార్లు ఆహారం ఇవ్వాలి. నీడలో మంచినీటి పాత్ర ఎల్లప్పుడూ నిండుగా ఉండాలి. శిక్షణలో దెబ్బకు తావు లేదు. చెప్పినది చేసిన క్షణంలో చిన్న తినుబండారం, ఒక మెచ్చుకోలు ఇస్తే చాలు; పాయింటర్ వంటి సున్నితమైన జాతి దెబ్బలతో బెదరిపోతుందే గాని నేర్చుకోదు.

వ్యాధుల విషయంలో ఏమరుపాటు ప్రాణాంతకం. ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ వ్యాధుల టీకాలు మొదలుపెట్టాలి. మూడు నెలలకు రేబిస్ టీకా వేయించి, పశువైద్యుని సలహా మేరకు ఏటా కొనసాగించాలి. నీరు నిలిచే మన డెల్టా చేలలో ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్ కుక్కలకే కాక మనుషులకు కూడ ముప్పు. దాని టీకాను గురించి కూడ వైద్యుని అడగాలి. తోటలలో తిరిగి వచ్చిన ప్రతిసారీ చెవుల వెనుక, వేళ్ల సందులలో గోమార్లను వెదకి తీయాలి.

లూయీ పాశ్చర్ 1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అనే బాలునికి తొలిసారిగా రేబిస్ టీకా వేయించాడు. ఆ రోజును జంతువుల నుండి సంక్రమించే వ్యాధుల దినంగా పాటిస్తూ, పశువైద్యశాలలలో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత మనిషి బ్రతకడం దాదాపు అసంభవం. కుక్క కరచినా, గీరినా ఆ గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గాయానికి కారం, సున్నం, పసరు పూయడం ప్రమాదకరం.

గోదావరి ఒడ్డున నివసించేవారు మరొక సంగతిని మరువరాదు. 2022 జూలై వరదలలో కోనసీమ లంక గ్రామాలు నీట చిక్కుకొన్నాయి. అటువంటి వేళ ఇల్లు విడిచిపోయేవారు తమ కుక్కను వెంట తీసుకొనిపోవాలి. అది సాధ్యపడకపోతే కనీసం గొలుసు విప్పాలి. కట్టివేసిన కుక్కకు ఈదే అవకాశం కూడ ఉండదు. సరైన కారణం లేకుండా పెంపుడు జంతువును ఆకలిదప్పులకు వదలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. చట్టం శిక్షించినా శిక్షించకపోయినా, తాను ఎందుకు విడువబడినదో ఆ మూగజీవికి ఎప్పటికీ తెలియదు.

కుక్క మన ఇంటికి తానై రాదు, మనమే తెచ్చుకొంటాము. మనకు చదువు, ఉద్యోగం, స్నేహితులు, ఊళ్లు ఎన్నో ఉంటాయి. దానికి మనం తప్ప మరొకరు ఉండరు. ఈ భేదాన్ని గుర్తించి, తనకు సాధ్యమైన భారాన్నే తలకెత్తుకొని, ఎత్తుకొన్నదానిని తుదివరకు మోయడమే గృహధర్మం.

అభ్యాసం

1. సరమ వృత్తాంతం, ధర్మరాజు వృత్తాంతం కుక్కను పెంచేవారికి ఏ సందేశాన్ని ఇస్తున్నాయి?
2. “చెడ్డది కుక్క కాదు, ఎంపిక” అన్న వాక్యాన్ని పాయింటర్ స్వభావం ఆధారంగా సమర్థించండి.
3. పాయింటర్, జోనంగి జాతుల మధ్య గల పోలికలను, భేదాలను వివరించండి.
4. కుక్క కరచినప్పుడు చేయవలసిన, చేయకూడని పనులను తెలుపండి.
5. మీ ఇంట్లో కుక్కను పెంచదలిస్తే మీ కుటుంబసభ్యులతో చర్చించవలసిన అంశాలను ఒక పేజీకి మించకుండా రాయండి.