గురకకు సాక్షి పక్కనున్నవారే

"ఆయనకు నిద్రకేం లోటు లేదు సిస్టరమ్మా, పక్క మీద వాలితే చాలు, ఇల్లు అదిరేలా గురక పెడతారు" అని ముప్పాళ్ళ చుట్టుపక్కల ఊళ్ళ నుండి బి.పి. చూపించుకోను వచ్చేవారి భార్యలు మాతో అంటుంటారు. అప్పుడు మేము ఒక్కటే అడుగుతాము: "ఆ గురక మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతుందా?" కొందరు కాసేపు ఆలోచించి, "ఆగుతుందమ్మా. ఊపిరి ఉందో లేదోనని నేనే తట్టి లేపుతుంటాను" అంటారు. జబ్బు బయటపడేది ఆ మాటతోనే.

గురక గాఢనిద్రకు గుర్తు కాదు. నిద్రలో గొంతు కండరాలు వదులై, గాలి వెళ్ళే దారి ఇరుకవుతుంది. ఆ దారి మూసుకుపోతే ఊపిరి 10 సెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. ఇలా రాత్రంతా ఎన్నోసార్లు జరిగినా తెల్లవారాక రోగికి ఏమీ గుర్తుండదు. దీనినే స్లీప్ ఆప్నియా అంటారు.

దీనిని అశ్రద్ధ చేస్తే బి.పి. అదుపులోకి రాదు, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' చిత్రాలకు సంగీతం కూర్చిన బప్పీ లహిరి, ఇతర అనారోగ్యాలు కూడా ఉండి, 2022 ఫిబ్రవరి 15న ముంబయిలో మరణించినప్పుడు వైద్యులు ముఖ్యంగా చెప్పిన కారణం ఈ జబ్బే.

లేవగానే తలనొప్పి, నోరెండిపోవడం, పగలు కునికిపాట్లు దీని లక్షణాలు. లావుగా ఉన్న మగవారికే కాదు, ముట్లుడిగిన స్త్రీలకు, టాన్సిల్స్ పెరిగిన పిల్లలకు కూడా రావచ్చు.

స్లీప్ స్టడీ అంటే భయపడకండి. సూదులుండవు, కరెంటు షాక్ కొట్టదు. తలకు, కళ్ళ పక్కన, గడ్డానికి, కాళ్ళకు సన్నని తీగలు అతికిస్తారు. ఛాతీకి, పొట్టకు పట్టీలు, వేలికి క్లిప్పు పెడతారు. ఆ రోజు తలస్నానం చేసి నూనె రాయకుండా వెళ్ళండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ తాగవద్దు. రోజూ వేసుకునే మందులు వెంట తీసుకువెళ్ళండి. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో లెక్కిస్తారు. పెద్దవారిలో 5 లోపు మామూలు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

తీవ్రమైతే సాధారణంగా సీప్యాప్ యంత్రం వాడమంటారు. మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు దారి మూసుకోకుండా చూస్తుంది. ఇది ఆక్సిజన్ సిలిండర్ కాదు. మొదటి వారాలు ఇబ్బందిగా ఉంటుంది. మానేయకుండా, సరిపోయే మాస్కు అడగండి. మాస్కును రోజూ కడగండి. కరెంటు పోతే మాస్కు తీసేసి పక్కకు తిరిగి పడుకోండి. వీలైతే ఇన్వర్టరుకు కలపండి.

బరువు తగ్గండి, మద్యం మానండి. డాక్టరును అడగకుండా నిద్రమాత్రలు వేసుకోవద్దు. ఏ ఆపరేషనుకైనా ముందు మత్తు డాక్టరుకు ఈ జబ్బు సంగతి చెప్పండి. కునుకు వస్తుంటే ట్రాక్టరు గాని, బండి గాని నడపవద్దు.

అమ్మలారా, మీ ఇంటాయన గురక సంగతి చెప్పడానికి సిగ్గుపడకండి. డాక్టరు గారి దగ్గరకు ఆయనతో పాటు మీరూ రండి. ఆయన చూడలేనిది రాత్రంతా చూస్తున్నది మీరే.