అయోడిన్ పూత

1811లో ఫ్రాన్సు యుద్ధాలలో మునిగి ఉంది. తుపాకిమందుకు కావలసిన సురేకారాన్ని తయారుచేసేవారిలో బెర్నార్ కూర్త్వా ఒకడు. అందుకు అవసరమైన లవణాలను ఆయన సముద్రపు నాచును కాల్చిన బూడిద నుండి తీసేవాడు. ఒకనాడు ఆ బూడిదసారంలో గంధకామ్లం మోతాదు మించింది. వెంటనే ఊదారంగు ఆవిరి పైకిలేచి, చల్లని పాత్రల అంచులపై నల్లని స్ఫటికాలుగా పేరుకొన్నది. ఊదారంగును తెలిపే గ్రీకుపదం నుండి ఆ మూలకానికి అయోడిన్ అనే పేరు వచ్చింది.

అయోడిన్‌ను సారాయంలో కరిగించగా ఏర్పడినదే టింక్చర్ అయోడిన్. 1908లో ఫ్యూమె రేవుపట్టణపు శస్త్రవైద్యుడు ఆంటోనియో గ్రోసిచ్, కత్తి పెట్టవలసిన చోట పొడిచర్మంపై దీనిని పూసే పద్ధతిని ప్రకటించాడు. సూక్ష్మజీవుల దేహంలోని మాంసకృత్తులను అయోడిన్ చెడగొడుతుంది. బాక్టీరియా, బూజు, అనేక వైరస్‌లు దానికి లొంగుతాయి. అయితే పచ్చిగాయంపై ఆ మంట భరింపరానిది. టింక్చర్ సీసాను చూడగానే పిల్లలు పరుగెత్తడం ఒకనాటి ఇళ్లలో మామూలే!

1950ల నాటికి ఈ బాధకు విరుగుడు లభించింది. పోవిడోన్ అనే పదార్థం అయోడిన్‌ను తనలో పట్టి ఉంచి, కొద్దికొద్దిగా విడిచిపెడుతుంది. నేడు ఆసుపత్రులలో కనిపించే గోధుమరంగు ద్రావణం ఇదే. పది శాతం ద్రావణంలో పనికివచ్చే అయోడిన్ ఒక శాతం మాత్రమే. పూసిన వెంటనే తుడిచివేస్తే ఫలితం ఉండదు. అది తనంతట తాను ఆరాలి. రక్తం, చీము, మట్టి అయోడిన్ శక్తిని హరిస్తాయి. కనుక గాయాన్ని ముందుగా కడగడం తప్పనిసరి. నవజాత శిశువులకు, థైరాయిడ్ రోగులకు వైద్యుని సలహా లేనిదే దీనిని వాడరాదు.

కుక్కకాటు విషయంలో ఈ క్రమానికి ప్రాణమంత విలువ. కాటుపై కారం అద్దడం, సున్నం పూయడం పల్లెల్లో పాత అలవాటు. వాటివల్ల గాయం పుండవుతుందే గాని రేబిస్ వైరస్ తొలగదు. పైగా, విలువైన సమయం గడచిపోతుంది. లక్షణాలు బయటపడిన తరువాత ఆ వ్యాధి నుండి బ్రతికి బయటపడడం అత్యంత అరుదు. వైరస్ నాడులలో ప్రవేశించకముందే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. పిమ్మట పోవిడోన్ అయోడిన్ పూసి, కట్టు కట్టకుండానే ఆసుపత్రికి వెళ్లాలి. పూత టీకాకు బదులు కాదు. మొదటి టీకా ఆనాడే పడాలి.