నిదానం ఎందుకో ముందు తేల్చుకో

చి. అమ్ములుకి,

ఫార్ములేషన్ డిపార్ట్‌మెంట్‌లో చేరిన కొత్తలోనే నీ చేతికి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను నిదానంగా వదిలే ఈఆర్ మాత్ర పని అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. ఏ పాలిమర్ వెయ్యాలో మామయ్యని అడగమన్నావట. చెప్తాను, కానీ అది రెండో ప్రశ్న.

బీపీ మాత్రనో షుగర్ మాత్రనో నిదానంగా విడుదలయ్యేలా చేసేవాళ్లకి గురి ఒకటే. రక్తంలో మందు రోజంతా ఎగుడుదిగుళ్లు లేకుండా ఉండాలి. గ్రాఫ్ మీద గీత ఎంత చదునుగా ఉంటే మీటింగులో అంత మెప్పు. మనవాళ్లలో చాలామంది యాంటీబయాటిక్‌ని కూడా అదే కంటితో చూస్తారు. నాకు పేచీ అక్కడే. బీపీ మందు పనిచేసేది రోగి ఒంటి మీద. యాంటీబయాటిక్ పనిచెయ్యాల్సింది ఆ ఒంట్లో చేరిన క్రిమి మీద. క్రిమి పెరుగుదలను ఆపడానికి కావలసిన కనీస గాఢత, అదే మీరు ఎంఐసీ అనేది, దాన్ని అంటీ అంటకుండా రోజంతా సాగే చదును గీత చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఆ గాఢతలో బలహీనమైన క్రిములు పోయి మొండివి మిగులుతాయి. అందుకని మాత్రను నిదానింపజేసే ముందు, ఈ మందు క్రిమిని ఏ తీరున చంపుతుంది, నిదానిస్తే ఆ చంపడం పెరుగుతుందా తరుగుతుందా అన్నది తేల్చుకో.

పెన్సిలిన్ జాతికి కావలసింది సమయం. రెండు మోతాదుల మధ్య వ్యవధిలో సుమారు 40 నుంచి 50 శాతం సేపు మందు ఎంఐసీకి పైన ఉంటే చాలు, ఇంకా పైకి ఎగదోసినా ఒరిగేది తక్కువ. ఆ జాతిలోని అమాక్సిసిలిన్ అర్ధాయువు చూస్తే గంట చిల్లర. ఇక్కడ నిదానానికి అర్థం ఉంది. 2002లో అమెరికాలో అనుమతి పొందిన ఆగ్మెంటిన్ ఎక్స్ఆర్ ఈ లెక్క మీదే కట్టింది. రెండు పొరల మాత్ర. ఒక పొరలో 562.5 మి.గ్రా. అమాక్సిసిలిన్, క్లావులనేట్ మొత్తం వెంటనే వదులుతాయి. రెండో పొరలో 437.5 మి.గ్రా. సోడియం లవణంగా ఉండి మెల్లగా వస్తుంది. పెన్సిలిన్‌కు సరిగా లొంగని న్యుమోకాకస్‌ను కూడా అందుకోవాలని పన్నెండు గంటలకోసారి రెండేసి మాత్రలు పెట్టారు. రోజుకొక్కటి అని ఊరించలేదు చూశావా, ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది. అమాక్సిసిలిన్‌ను పీల్చుకునేది చిన్నపేగు పైభాగమే. చిన్నపేగు మొత్తం దాటడానికి మాత్రకు మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆ తర్వాత వదిలిన మందు చాలావరకు పెద్దపేగు పాలే. అక్కడుండే మంచి క్రిములకే దెబ్బ.

సిప్రోఫ్లాక్సాసిన్ తీరు వేరు. దానికి గాఢతలో శిఖరం కావాలి, రోజు మొత్తం మీద అందే మందూ కావాలి. అందుకే బేయర్ సిప్రో ఎక్స్ఆర్‌లో సుమారు 35 శాతం మందును వెంటనే వదిలి, తక్కినదాన్ని నిదానింపజేశారు. మొత్తాన్నీ నిదానింపజేసి ఉంటే ఆ మొదటి దెబ్బ పోయేది.

అజిత్రోమైసిన్‌కైతే ఒంట్లోనే రోజుల తరబడి నిలిచే గుణం ఉంది, దానికి నిదానం దేనికి అంటావేమో. ఫైజర్ 2005లో జీమ్యాక్స్ అని రెండు గ్రాముల ఒక్క డోసు ద్రవమందు తెచ్చింది. అంత మందు ఒక్కసారిగా కడుపులో పడితే వాంతి అవుతుంది కాబట్టి, పేగు పైభాగం దాటాక వదిలేలా చేశారు. రక్తం కోసం కాదు, కడుపు కోసం. అది కూడా సరైన కారణమే.

అడ్వాన్సిస్ అనే అమెరికా కంపెనీ కథ మాత్రం తప్పక చదువు. తర్వాత దాని పేరు మిడిల్‌బ్రుక్ అయింది. అమాక్సిసిలిన్‌ను ఒకటి వెంటనే, రెండు ఆలస్యంగా, మొత్తం మూడు దఫాలుగా వదిలితే రోజుకొక్క మాత్రతో గొంతు ఇన్‌ఫెక్షన్ తగ్గించవచ్చన్నది వాళ్ల ఆలోచన. కాగితం మీద భలే ఉంటుంది. ఏడు రోజుల కోర్సుతో చేసిన మూడో దశ పరీక్ష 2005లో విఫలమైంది. కోర్సును పది రోజులకు పెంచి మళ్లీ చేస్తే నెగ్గింది. 775 మి.గ్రా. మాక్సాటాగ్‌కు 2008 జనవరిలో అనుమతి వచ్చింది. 2010లో కంపెనీ దివాలా తీసింది. చవకగా దొరికే పాత పెన్సిలిన్‌తో సమానమని రుజువు చేసుకున్న మందుకు ఎక్కువ ధర ఎవరు పెడతారు? మాత్ర కరిగే తీరు చూపే డిసల్యూషన్ పట్టిక చూసి పొంగిపోయినప్పుడల్లా ఈ మాట గుర్తుచేసుకో.

ఇక నీ మందు. క్లారిత్రోమైసిన్‌కు ముఖ్యం రోజు మొత్తం మీద ఒంటికి అందేది ఎంత అన్నది. అందుకే శిఖరం కాస్త తగ్గినా పరవాలేదు. అబాట్ బయాక్సిన్ ఎక్స్ఎల్ ఆ వెసులుబాటునే వాడుకుంది. మామూలు మాత్రతో రెండు గంటలకు వచ్చే శిఖరం దానితో అయిదు నుంచి ఎనిమిది గంటలకు, తక్కువ ఎత్తులో వస్తుంది. మొత్తం మాత్రం సమానం, అదీ అన్నం తిని వేసుకుంటేనే. పరగడుపున వేసుకుంటే సుమారు 30 శాతం తగ్గిపోతుంది. నిండిన కడుపు పెద్ద మాత్రను చాలాసేపు ఆపుకుంటుంది, ఖాళీ కడుపు తోసేస్తుంది.

పాలిమర్ అడిగావు కదా. హెచ్‌పీఎంసీతోనే మొదలుపెట్టు, అందులోనూ కే100ఎల్‌వీ లాంటి చిక్కదనం తక్కువున్న గ్రేడ్‌తో. తడి తగలగానే నానిన సబ్జా గింజలా చుట్టూ జిగురు పొర కడుతుంది. నీ మందు పేగు పీహెచ్ దగ్గర సరిగా కరగదు కాబట్టి, ఆ జిగురు అరిగేకొద్దీ బయటికి వస్తుంది. మరీ చిక్కని గ్రేడ్ వేస్తే అరగడానికే తెల్లారుతుంది. మందు రేణువుల సైజు లాట్ లాట్‌కూ చూసుకో. ఏపీఐ సప్లయర్ మాట నమ్మి వదిలెయ్యకు. 500 మి.గ్రా. మందు, పైన పాలిమర్, తక్కినవి కలిస్తే మాత్ర ఇట్టే పెరిగిపోతుంది. పొడవు 22 మి.మీ. దాటొద్దని ఎఫ్‌డీఏ జెనరిక్ వాళ్లకు చెబుతుంది. మాత్రను అచ్చొత్తే పంచ్ ఆర్డరిచ్చే ముందే అది చూసుకో.

ఇంకోటి. క్లారిత్రోమైసిన్ గట్టి ఆమ్లంలో నిలవదు. ఆమ్లంలో డిసల్యూషన్ పెట్టి, అంకె తక్కువొచ్చిందని పాలిమర్ తగ్గించెయ్యకు. విడుదలైన మందు అక్కడే విరిగిపోయి ఉండొచ్చు. మీ అనలిటికల్ వాళ్లతో ముందే కూర్చో. ఆల్కహాల్ కలిపిన మాధ్యమంలో పరీక్ష కూడా ఎలాగూ అడుగుతారు.

యంత్రాలు కడిగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయో కూడా కనుక్కో. పటాన్‌చెరు శుద్ధికేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మి.గ్రా. దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు రాశారు. అది రక్తంలో ఉండాల్సిన మోతాదుకన్నా ఎక్కువ. చిన్న బ్యాచే కదా అని సింకులో పొయ్యకు.

మాత్ర మీద గీత పెట్టమని మార్కెటింగ్ వాళ్లు అడుగుతారు. ఒప్పుకోకు. మన ఊళ్లలో పెద్ద మాత్ర కనిపిస్తే సగానికి విరిచి మింగుతారు, గీత ఉంటే మరీనూ. విరిచాక జిగురు పొర సరిగా కట్టదు, మందు తొందరగా వదిలేస్తుంది. రోజుకొకటి అంటే రోగికి సుఖమే. కానీ మూడు పూటల మందులో ఒకటి మరిస్తే పోయేది ఒక పూట, ఇక్కడ ఒకటి మరిస్తే రోజంతా పోతుంది. పైగా రెండు రోజులకు జ్వరం తగ్గగానే మానేసేవాళ్లు మనలో ఎంతమందో నీకు తెలుసు. అన్నంతో వేసుకోవాలి, విరవకూడదు, నమలకూడదు అని అట్ట మీద తెలుగులో కూడా వెయ్యమని అడుగు. వెయ్యరనుకో. అయినా అడుగు.

ట్రయల్ బ్యాచ్ అంకెలు మాత్రం నాకు పంపకు. రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టావు కదా. దసరాకి వస్తావుగా, అంకెలు లేకుండానే మాట్లాడుకుందాం.

ఇట్లు,
మామయ్య