స్థూలకాయం: పస్తులు కాదు, పథ్యం ముఖ్యం

స్థూలకాయాన్ని ఆయుర్వేదం ‘స్థౌల్యం’ అంటుంది. చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో అతిస్థూలునికి ఎనిమిది దోషాలు చెప్పబడినవి. ఆయుఃక్షీణం, దౌర్బల్యం, అతిస్వేదంతోపాటు అతి ఆకలి, అతి దప్పిక కూడా వాటిలో ఉన్నవి. అనగా ఆ ఆకలి తిండిపోతుతనం కాదు, వ్యాధి లక్షణం. 1994లో కనుగొన్న లెప్టిన్ అనే హార్మోను కూడా ఈ విషయాన్నే సూచిస్తున్నది. కొవ్వు కణాలు ‘ఇక చాలు’ అని పంపే ఈ సంకేతానికి స్థూలకాయుల మెదడు సరిగా స్పందించదు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ కుటుంబాలలో నేను తరచు గమనించేది ఒకటున్నది. బరువు తగ్గాలని ఉదయం టిఫిన్ మానుతారు. రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరి, ఆకలికి తాళలేక కడుపునిండా అన్నం తిని, వెంటనే పడుకుంటారు. ఇందువల్ల బరువు తగ్గదు సరికదా, పెరుగుతుంది.

చరకుని సూత్రం

స్థూలునికి గురువై, అపతర్పణమైన ఆహారం ఇవ్వవలెను. అంటే కడుపులో నిలిచేది, కొవ్వును పెంచనిది. పీచు, మాంసకృత్తులు ఎక్కువగా, కేలరీలు తక్కువగా ఉండే ఆహారమని నేటి భాషలో చెప్పుకోవచ్చు. బార్లీ, అరికెలు, పెసలు, ఉలవలు, వెన్న తీసిన మజ్జిగ ఇట్టివి.

ఆచరణ

1. కంచంలో సగం ఆకుకూరలు, సొర, బీర, పొట్ల వంటి కూరలు. పావు వంతు అన్నం లేక రొట్టె. పావు వంతు గట్టిపప్పు ఉండవలెను.

2. నెలకు ఎంత నూనె కొంటున్నారో లెక్కించండి. నలుగురికి 4 కిలోలైతే మనిషికి రోజుకు సుమారు 33 గ్రాములు, అంటే 300 కేలరీలు. దానిని రెండున్నర కిలోలకు తగ్గిస్తే రోజుకు 110 కేలరీలకు పైగా తగ్గును.

3. రాత్రి భోజనం నిద్రకు రెండు, మూడు గంటల ముందే ముగించవలెను. పగటినిద్ర పనికిరాదు.

4. మెట్రోలో వచ్చే ఎల్.బి.నగర్ వాసులు విక్టోరియా మెమోరియల్ స్టేషనులో దిగి, మిగిలిన దూరం నడవవచ్చు.

హెచ్చరిక

నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే రక్తంలో చక్కెర, రక్తపోటు పరీక్ష చేయించుకొనవలెను. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడువారు వైద్యుని అడగక ఆహారం తగ్గించరాదు; చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదమున్నది. తేనెనీరు వారికి తగదు. గర్భిణులు, ఎదిగే పిల్లలు బరువు తగ్గే పథ్యం స్వయంగా మొదలుపెట్టరాదు.

నెలకు ఒకటి, రెండు కిలోలు తగ్గినా చాలును. జీవితాంతం పాటించగలిగినదే పథ్యం.