తండ్రి ఆస్తి, తోబుట్టువుల వాటా



లూకా సువార్త 12వ అధ్యాయంలో జనసమూహంలో నుండి ఒకడు ముందుకు వచ్చి, ఆస్తిలో తన పాలు పంచి ఇమ్మని తన సోదరునికి చెప్పవలసిందిగా యేసు ప్రభువును అడుగుతాడు. ప్రభువు ఆ తగవు తీర్చలేదు. పంపకాలు చేసే పని తనది కాదని, లోభం విషయంలో జాగ్రత్తగా ఉండమని అందరికీ చెప్పారు. ఆ మనిషి నేటికీ మన శంషాబాదు చుట్టుపక్కల విచారణలకు వస్తూనే ఉన్నాడు. ఆదివారం బలిపూజ ముగిశాక గుడి మెట్ల దగ్గర ఫాదర్ గారిని ఆపి, "మా అన్నకు మీరొక్క మాట చెప్పండి" అంటాడు.

కారణం మీకు తెలియనిది కాదు. 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం ప్రారంభమైంది. దానికి సుమారు 5,500 ఎకరాలు పోయాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు కూడా వచ్చింది. చెలకగా ఉన్నప్పుడు ఎవరూ అడగని వాటా, గజాల లెక్కన ధర పలికేసరికి అందరికీ గుర్తుకు వచ్చింది.

మనవారిలో చాలామంది పొరుగు ఇళ్ల ఆనవాయితీనే మన చట్టమనుకుంటారు. అది పొరపాటు. మనకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. ఈ చట్టంలో "తాత ఆస్తి కాబట్టి పుట్టుకతోనే నాకు హక్కు" అనే మాటకు చోటు లేదు. తండ్రి బతికి ఉన్నంతకాలం ఆయన పేరనున్న ఆస్తి ఆయనదే. వీలునామా రాయకుండా కన్నుమూస్తే భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు బిడ్డలందరికీ సమానంగా వెళ్తాయి. కొడుకు, కూతురు అనే తేడా లేదు.

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. మూడెకరాల భూమి, తల్లి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. తల్లికి ఒక ఎకరం. మిగిలిన రెండెకరాలలో ఒక్కొక్క బిడ్డకు ఇరవై గుంటలు. ఒక కొడుకు తండ్రికంటే ముందే చనిపోయి ఉంటే అతని ఇరవై గుంటలు అతని పిల్లలకు చెందుతాయి.

"చెల్లికి పెళ్లిలోనే ఇచ్చేశాం కదా" అంటారు. ఈ మాట వినని విచారణ ఉండదేమో! కాని ఆ చట్టం 49వ సెక్షను ప్రకారం తండ్రి బతికుండగా బిడ్డకు ఇచ్చినదేదీ వాటాలో నుండి తగ్గించడానికి వీల్లేదు. పైగా కట్నమే 1961 నుండి నేరం. నేరాన్ని చూపించి చెల్లెలి వాటా కొట్టివేయడం ఎక్కడి న్యాయం? సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో సెలోఫెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట నిలబడి తండ్రి పాలు అడిగారు. వారు అడిగింది న్యాయమేనని దేవుడే చెప్పారు. కేరళలో మేరీ రాయ్ గారు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1986లో గెలిచారు. అంతవరకు తిరువాంకూరు క్రైస్తవ చట్టం ప్రకారం కూతురికి దక్కేది కొడుకు వాటాలో నాలుగో వంతు, లేదా ఐదువేల రూపాయలు, ఏది తక్కువైతే అది. 2017లో శంషాబాదు కేంద్రంగా ఏర్పడిన సీరో మలబారు మేత్రాసనంలోని మలయాళీ కుటుంబాలకు ఈ సంగతి బాగా తెలుసు.

ఇక వీలునామా. మామూలు కాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అయితే చేయించడం మేలు. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఆస్తి పొందేవారుగాని, వారి భార్యాభర్తలుగాని సాక్షులుగా ఉండకూడదు. ఉంటే వారికి రాసినది చెల్లదు. పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దవుతుందని ఎంతోమందికి తెలియదు. క్రైస్తవులు ప్రొబేటు తెచ్చుకోవాలన్న నిబంధన 2002లో తొలగింది.

గుడికో, అనాథాశ్రమానికో రాయదలచిన వారికి ఒకప్పుడు పెద్ద చిక్కు ఉండేది. దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు మరణానికి కనీసం పన్నెండు నెలల ముందు రాసి, ఆరు నెలల్లోగా దాఖలు చేస్తేనే ఆ దానం చెల్లేది. ఫాదర్ జాన్ వల్లమట్టం గారి వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2003లో ఆ 118వ సెక్షనును కొట్టివేసింది. తిరుసభ చట్టం 1299వ నిబంధన కూడా ఇలాంటి దానాలలో దేశ చట్టపు పద్ధతులు పాటించమనే చెబుతుంది.

తగవు వచ్చేసింది అనుకోండి. పట్టాదారు పాసుపుస్తకంలో పెద్దన్న పేరు ఒక్కటే ఉన్నంత మాత్రాన మిగిలినవారి హక్కు పోదు. మ్యుటేషను కేవలం రెవెన్యూ లెక్క. భూసేకరణ పరిహారంపై వారసులు తగవు పడితే ఆ సొమ్ము ఎవరి చేతికీ రాకుండా డిపాజిటులో పడుతుంది. అన్నదమ్ములు ఇద్దరూ నష్టపోయేది ఇక్కడే.

పెద్దల సమక్షంలో ఒప్పందం కుదిరితే సంతోషమే. కాని తెల్లకాగితం మీద "నాకేమీ వద్దు" అని చెల్లెలి చేత సంతకం పెట్టించి అదే ఒప్పందమనుకోకండి. హక్కు విడుదల పత్రం, భాగపరిష్కార పత్రం రిజిస్టరు కావాలి. కోర్టులో దావా ఉన్నా, లేకపోయినా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలతుకు వెళ్లవచ్చు. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. దావా అక్కడ పరిష్కారమైతే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు.

వెళ్లేటప్పుడు మరణ ధ్రువపత్రం, పాసుపుస్తకం, వారసులందరి వివరాలు తీసుకువెళ్లండి. తల్లి బతికి ఉంటే ఆమెను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. కూర్చున్న తరువాత మొదట లెక్క తేల్చవలసింది ఆమె మూడో వంతే.