గుర్తు నిలవాలంటే ముందు నునుపు కావాలి

సుబేదారి, హనుమకొండ

చి. అల్లుడికి,

నువ్వు పంపిన స్పిట్‌ఫైర్ విమానం మోడల్ ఫొటోలు అందాయి. రంగులు బాగా కుదిరాయి. అక్షరాల చుట్టూ వెండిరేకు అంటినట్టు మెరుస్తోందనీ, డెకాల్ (అంటించే గుర్తుల పొర) పాతదేమోననీ రాశావు. డెకాల్ తప్పేమీ లేదు. లోటంతా దాని అడుగున ఉంది.

నీటి డెకాల్‌లో పైన రంగు, దాని కింద పారదర్శకమైన పల్చటి పొర, ఆ కింద బంక, అన్నిటికీ అడుగున కాగితం ఉంటాయి. నీళ్లలో వేస్తే బంక కరిగి పొర జారుతుంది. మోడల్‌కు వేసే మాట్ (మెరుపు లేని) రంగు కంటికి చదునుగా కనిపించినా దగ్గరగా చూస్తే గరుకే. ఆ గుంతల్లోకి పొర దిగదు, గాలి చిక్కుకుపోతుంది. వెలుతురు ఆ గాలి మీద పడి చెదురుతుంది. మోడలర్లు సిల్వరింగ్ అనేది దీన్నే. డెకాల్ ఎంత ఖరీదైనదైనా గరుకు నేల మీద ఇంతే. అందుకే రంగు ఆరాక, డెకాల్‌కు ముందు, గ్లాసీ వార్నిష్ వేస్తారు.

మనవాళ్లకు ఇది కొత్త విద్యేం కాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరు బట్ట మీద నేరుగా బొమ్మ గీయరు. సుద్దమట్టి, చింతగింజల గుజ్జు, జిగురు కలిపి బట్టకు పూతలు పట్టించి, నునుపు తేలాకే కుంచె పడతారు.

వార్నిష్ విషయంలో కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు హార్డ్‌వేర్ షాపుకు వెళ్లడం. వడ్రంగులు వాడే కలప వార్నిష్ కొన్నాళ్లకు పసుపెక్కి తెల్లరంగును ముసలిదాన్ని చేస్తుంది. ఎన్‌సీ థిన్నర్ అయితే కింది రంగునే కాదు, ప్లాస్టిక్‌ను కూడా తినేస్తుంది. మోడళ్ల కోసమే చేసిన టమియా ఎక్స్-22, వాయేహో గ్లాస్ వార్నిష్‌లాంటివి తీసుకోవాలి. అమెరికాలో ఒక తరం మోడలర్లు ఫ్యూచర్ అనే ఇంటి నేల పాలిష్‌తోనే పని కానిచ్చారు. అది అక్రిలిక్ కాబట్టి స్వచ్ఛంగా, గట్టిగా ఆరేది. ఏది వాడినా ఒకే మందపాటి పూత పనికిరాదు. మొదటిది పొగమంచులా పడాలి, తర్వాతి రెండూ తడిగా మెరుస్తూ, కారకుండా ఉండాలి. ఎయిర్‌బ్రష్‌లో 15 నుంచి 20 పీఎస్‌ఐ ఒత్తిడి చాలు.

ఇక మన ఊరి వాతావరణం సంగతి. మే నెల మధ్యాహ్నం వార్నిష్ తుంపర మోడల్‌ను చేరకముందే సగం ఆరిపోయి, పూత పిండి చల్లినట్టు తయారవుతుంది. తెల్లవారుజామున, రోడ్డు మీద బస్సుల దుమ్ము లేవకముందే పని ముగించాలి. శ్రావణంలో ఇబ్బంది దీనికి ఎదురు. లాకర్ రకం వార్నిష్‌లోని ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలోని తేమను పట్టుకుంటుంది. పూత పాలు పోసినట్టు తెల్లబడుతుంది. ముసురు పట్టిన రోజు లాకర్ సీసా మూత తీయకపోవడమే మేలు. పూత వేశాక కనీసం ఒక రోజంతా మూత పెట్టిన డబ్బాలో ఉంచాలి. ఈ పనిలో తొందరపడి బాగుపడ్డవాళ్లు లేరు.

ఇంత జాగ్రత్త దేనికంటే, డెకాల్ గుర్తులు లేకపోతే స్పిట్‌ఫైర్‌లన్నీ ఒకటే. నువ్వు ఎంచుకున్నది ఏ స్పిట్‌ఫైరో తెలుసుగా? బ్రిటిష్ వైమానిక దళంలో హైదరాబాద్ పేరు మోసిన స్క్వాడ్రన్లు మూడు: 110, 152, 253. మొదటి ప్రపంచయుద్ధంలో 110కి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డీహెచ్-9ఏ బాంబర్ల మీద, అవి ఆయన కానుకేనని రాసి ఉండేది. వాటిలో ఎఫ్1010 నంబరుది, ‘హైదరాబాద్ నం. 12ఏ’ అని రాసినది, 1918 అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్‌కూ, తర్వాత పోలండ్‌కూ చేరి, చివరికి 1977లో ఒక స్పిట్‌ఫైర్‌కు మారకంగా లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియానికి వచ్చింది. 13 అనే సంఖ్య తప్పించడానికే 12ఏ అన్నారేమో, పైలట్లకూ పట్టింపులుంటాయి.

నువ్వు ఎంచుకున్నది 152 స్క్వాడ్రన్‌ది. 1939లో మళ్లీ ఏర్పడ్డ దాని బ్యాడ్జి మీద నిజాం తలపాగా ఉంటుంది. ఆ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్‌ల కోడ్ అక్షరాలు యూఎమ్. తర్వాత బర్మా యుద్ధానికి వచ్చిన మార్క్ 8 విమానాల పక్కన దూకుతున్న నల్ల చిరుత చేరింది. అక్కడి వృత్తాకార గుర్తులో ఎరుపుండదు, ముదురు నీలం, లేత నీలమే. ఎరుపు కనిపిస్తే జపాన్ విమానమనుకుని మనవాళ్లే కాల్చే ప్రమాదం ఉండేది. కాబట్టి ఐరోపా షీటులోని ఎర్ర మధ్యచుక్క ఈ విమానానికి అంటిస్తే ఎంత నీటుగా అంటించినా తప్పే.

అంటించే పని చూద్దాం. డెకాల్‌ను అంచుకు ఆనించి కత్తిరించి, గోరువెచ్చటి నీళ్లలో పదిహేను, ఇరవై సెకన్లు ఉంచి, తీసి టిష్యూ మీద పెట్టాలి. వేలితో లాగితే చిరుగుతుంది. తడి కుంచెతో నెడితే దానంతటదే జారేదాకా ఆగాలి. అంటించే చోట ముందుగా మైక్రో సెట్ ద్రావణం రాయాలి, డెకాల్ కుదురుకున్నాక మైక్రో సాల్ పూయాలి. మొదటిది పట్టును పెంచుతుంది, రెండోది పొరను మెత్తబరిచి ప్యానెల్ గీతల్లోకి దింపుతుంది. సాల్ తగలగానే చిరుత ఒళ్లంతా ముడతలు పడుతుంది. చూసి గుండె జారుతుంది. అప్పుడు చెయ్యి మాత్రం పెట్టకూడదు, ఆరుతుంటే తనంతట తనే సాపవుతుంది. ఇంకా ఎక్కడైనా గాలి మిగిలితే సన్నటి సూదితో ఒక్క పొడుపు పొడిచి మళ్లీ సాల్ అద్దాలి.

చిరుత వృత్తం మీదుగా దూకుతుంది కాబట్టి, షీటులో రెండూ విడిగా ఉంటే ముందు వృత్తం, అది పూర్తిగా ఆరాకే చిరుత.

ఆరాక తడిగుడ్డతో మెల్లగా తుడవాలి. మిగిలిన బంక కొన్నాళ్లకు గోధుమరంగు మరకవుతుంది. ఆ పైన మరోసారి గ్లాసీ, అది ఆరాక ప్యానెల్ గీతలకు పల్చటి నలుపు రంగు (వాష్), అన్నిటికీ చివర మాట్ వార్నిష్. అప్పుడు ఎక్కడ రంగు, ఎక్కడ డెకాల్ అన్నది కంటికి దొరకదు. ఇదంతా చేశాక కూడా వెండిమెరుపు మిగిలితే, కారణం దాదాపు ఎప్పుడూ మొదటి గ్లాసీ పూత పల్చనవడమే.

నువ్వు అంటించేసిన ఆ అక్షరాలను పీకకు, వాటి అంచున మైక్రో సాల్ అద్ది చూడు. చిరుతను మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దు. ముందు ప్లాస్టిక్ చెంచా వెనకవైపు రంగు, వార్నిష్ వేసి, షీటులో మిగిలిపోయే చిన్న అక్షరాలతో ప్రయత్నించు. చెంచా ఫొటో పంపాకే చిరుతను ముట్టుకో.

ఇట్లు,
మామయ్య